బిందెల వరుసలో తాత

"తాతా, ఈ ఊరోళ్ళు బాగుపడరు," అన్నాడు మౌలాలి.

హొన్నూర్ షా చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. తల ఎత్తకుండానే, "ఏమైంది?" అని అడిగాడు.

"ఏమయ్యేదేముంది? ఈ పొద్దు గూడా ఒక్కరూ రాలేదు."

పిట్టలదొడ్డి ఆదోని వైపు మెట్ట పల్లె. ఊరి బయట గుట్ట కింద హొన్నూర్ షా అనే ముసలి సూఫీ గురువు ఉండేవాడు. ఆయన ఉండే రెండు గదుల ఇంటిని తకియా అనేవారు. ఊరిలో ఏ కులం వాళ్ళైనా ఆయన్ను తాతా అనే పిలిచేవారు. మౌలాలి ఆయన శిష్యుడు. దర్జీ కొడుకు. తండ్రి నేర్పిన కుట్టుపని, గురువు నేర్పిన ఓర్పు, రెండూ తనకు బాగా పట్టుబడ్డాయని అతని నమ్మకం.

వానలు వెనకబట్టిన కొత్తలో అతను ఆదోని బజారంతా తిరిగాడు. ఏ బట్టల కొట్టులోనో మూలన పడి ఉన్న పాత కుట్టుమిషన్లు, కాలితో తొక్కేవి, మూడు అడిగి తెచ్చాడు. తుడిచి, నూనె వేసి, తకియా వసారాలో పెట్టాడు. ఆడవాళ్ళు కుట్టు నేర్చుకుంటే ఏటేటా పిల్లలను చంకనేసుకుని గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కోతపనులకు, వలసపోయే బాధ తప్పుతుందని అతని ఆశ. మొదట్లో వసారా చాలలేదు. చీరల రంగులు, నవ్వులు, ఒకరి తప్పు కుట్లను చూసి ఇంకొకరి ఎగతాళి, ఎంతో సందడిగా ఉండేది. శివరాత్రి దాటాక ఒక్కొక్కరే మానుకున్నారు. అందరికంటే చక్కగా కుట్టే ఉరుకుందమ్మ కూడా మానేసింది.

"తెచ్చి గుమ్మం ముందు పెట్టినా కూచుని నేర్చుకునే ఓపిక ల్యాదు వీళ్ళకు. సోమరితనం, తాతా. పేదరికం ఊరికే వస్తుందా? పక్కూరోళ్ళు అడుగుతాండారు. మిషన్లు వాళ్ళకిచ్చేస్తా."

"ఇచ్చేద్దువులే," అన్నాడు హొన్నూర్ షా చేతులు దులుపుకుంటూ. "ఉరుకుందమ్మకు ఒక మాట చెప్పి ఇచ్చేద్దాం. మంచి చెయ్యి ఆ బిడ్డది. పా, పోదాం."

ఉరుకుందమ్మ ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. అరుగు మీద కూర్చున్న చూపు ఆనని అత్త, "బోరు కాడుంది సామీ," అంది. "పొద్దు పొడవక ముందే పోయింది."

ఊరి చివర బోరు. దాని పక్కన ఒక కొళాయి, కొళాయి ముందు బిందెల వరుస. ఎర్రవి, పచ్చవి, నీలివి, ప్లాస్టిక్ బిందెలన్నీ చింతచెట్టు నీడ దాకా వంకరటింకరగా సాగాయి. బిందెలు చాలని వాళ్ళు రాయి పెట్టారు, చెప్పు పెట్టారు, ఎవరో పాత డబ్బా కూడా పెట్టారు. వాటి పక్కన ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు.

మౌలాలి దగ్గర కుట్టు నేర్చుకున్న వాళ్ళంతా అక్కడే ఉన్నారు.

"రండి తాతా!" అని ఉరుకుందమ్మ లేచి నిలబడింది. మౌలాలిని చూసి కొంగు సర్దుకుంది. "కోపం చేసుకోవద్దన్నా. రావాలనే ఉంటాది."

"నీళ్ళు ఎప్పుడొస్తాయి?" అని మౌలాలి అడిగాడు.

ఆడవాళ్ళందరూ పకపకా నవ్వారు. వరుసకంతా పెద్ద అయిన సుంకులవ్వ ఆకువక్క నమలడం ఆపి, "అది తెలిస్తే ఇట్ల ఎందుకు కూచుంటాం నాయినా?" అంది. "కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు. ఒకరోజు పొద్దున్నే, ఒకరోజు పొద్దు గూకేటప్పుడు. వచ్చినాక మనిషి ల్యాకపోతే బిందె పక్కకు తోసేస్తారు. నేనే తోసేస్తా."

"కూలికి పోరా మరి?"

"కూలికి పోతే నీళ్ళు పోతాయి. నీళ్ళకు కూచుంటే కూలి పోతాది," అంది ఉరుకుందమ్మ. "మా ఆయన ఒక్కడే సుగ్గికి పోయినాడు. గొర్రెలుంటే వాటికీ నీళ్ళు కావాల గదా, అవి అమ్మేసినాం. రెండూ సూడివి, ఈనేటివి." మెల్లగా చెప్పి, వెంటనే నవ్వేసింది. "అవ్వ మనవరాలైతే బడి మానేసి వాళ్ళింటి రెండో బిందె కాడ కూచుంది. ఎక్కాలు బిందెలకు చెప్తాంటాది!"

హొన్నూర్ షా లుంగీ సర్దుకుని ఉరుకుందమ్మ బిందె పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"నువ్వు పోయి కుట్టుకోపో బిడ్డా. నేను కూచుంటా."

"అయ్యో, తాతా!"

సుంకులవ్వ ఒప్పుకోలేదు. "ఇంటి మనిషి ఉండాల తాతా. అదీ కట్టుబాటు. నువ్వు ఉరుకుందమ్మకు ఏమవుతావు?"

"బిందెను," అన్నాడు హొన్నూర్ షా. "పాతదాన్నే గాని, కారను."

వరుసంతా గొల్లుమంది. సుంకులవ్వ నోట్లో ఆకువక్క కూడా ఆగలేదు. కట్టుబాటు అక్కడే సడలిపోయింది.

ఉరుకుందమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, నిజమేనని నమ్మకం కుదిరాక, తకియా వైపు పరుగులాంటి నడకతో పోయింది. ఆ వెంటనే ఇంకో పిల్ల మౌలాలి ముందుకొచ్చి, సిగ్గుపడుతూ, "అన్నా, నా బిందె పచ్చది," అంది. మౌలాలి పోయి పచ్చబిందె పక్కన కూర్చున్నాడు.

నీడ జరిగింది. ఎండ మౌలాలి మెడ మీదకు వచ్చింది. లేచి పోదామంటే కరెంటు వస్తుందేమోనన్న భయం. కునుకు తీద్దామన్నా అదే భయం. ఏ పనీ లేదు, అయినా ఏ పనీ చేసుకోవడానికి లేదు. పక్కన హొన్నూర్ షా మాత్రం పెళ్ళివిందుకు వచ్చినవాడిలా అందరినీ పలకరిస్తూ, సుంకులవ్వ దగ్గర ఆకువక్క అడిగి తీసుకుంటూ, ఆ మనవరాలు చెప్పే ఎక్కాల్లో కావాలనే తప్పులు అందిస్తూ హాయిగా కూర్చున్నాడు.

పొద్దు బాగా వాలాక బోరు గురగురమంది.

"వచ్చె!" అని ఎవరో అరిచారు.

ఎక్కడెక్కడి మనుషులూ ఒక్కసారిగా లేచారు. కొళాయి కాసేపు గాలి కక్కి, తర్వాత ఎర్రగా, ఆపైన తెల్లగా సన్నటి ధార విడిచింది. మొదటి బిందె నిండగానే సుంకులవ్వ దాన్ని పక్కన పెట్టించింది.

"ఇది ఎవరిది?" అని అడిగాడు మౌలాలి.

"తకియాది. ఊర్లో మొదటి బిందె తాతకే. రోజూ అంతే గదా, నీకు తెలీదా?" అంది సుంకులవ్వ. "రేపు పొద్దున్నే ఎవరో ఒకరు తెచ్చి గడప కాడ పెడతారులే."

మౌలాలికి ఆ పొద్దున గుర్తొచ్చింది. గడప కాడి బిందె నీళ్ళతో నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కున్నాడు. చల్లగా ఉన్నాయని మళ్ళీ కడుక్కున్నాడు. మిగిలినవి వాకిట్లో దుమ్ము లేవకుండా చల్లాడు. అతని చెవులు వేడెక్కాయి. ఎండకు కాదు.

అంతలో వెనకనుంచి ఒక ఎర్ర బిందె వచ్చి పచ్చబిందెను జరిపింది.

"ఏయ్!" అని మౌలాలి అరిచాడు. "కండ్లు కనపడ్డం ల్యా? పొద్దున్నుంచి కూచున్నా ఈడ! ఎవరి బిందె ఇది? తీయ్! తీయ్ అంటాంటే!"

అంత పెద్ద గొంతు ఆ వరుసలో ఆ రోజు ఎవరిదీ లేవలేదు. అందరూ అతని వైపు చూశారు. ఎర్ర బిందె పట్టుకున్న సుంకులవ్వ మనవరాలు బిత్తరపోయి నిలబడింది.

హొన్నూర్ షా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. సుంకులవ్వ ఆయన వీపు తడుతూ తనూ నవ్వింది. మౌలాలికీ నవ్వొచ్చింది. మనవరాలి ఎర్ర బిందెను తన చేత్తోనే ముందుకు జరిపాడు.

హొన్నూర్ షా పట్టిన బిందె నిండింది. మౌలాలి పట్టిన పచ్చబిందె సగమైనప్పుడు కరెంటు పోయింది. వెనక ఉన్నవాళ్ళు పెద్దగా తిట్టుకోలేదు. ఖాళీ బిందెలు ఎత్తుకుని, రేపు ఎవరి రాయి ఎక్కడ పెట్టాలో వాదించుకుంటూ ఇళ్ళకు బయలుదేరారు.

వాళ్ళిద్దరూ బిందెలు భుజాన పెట్టుకుని తకియాకు వచ్చేసరికి వసారాలో మిషన్లు టకటకలాడుతున్నాయి. ఉరుకుందమ్మ చిన్నపిల్లల గౌను ఒకటి పూర్తి చేసి, మెడ దగ్గర కుట్టు సరిగ్గా వచ్చిందో లేదో వెలుగుకు పట్టి చూస్తోంది. పచ్చబిందె పిల్ల సంచి కుట్టింది. అది కొంచెం వంకరగా ఉంది గానీ, గట్టిగా ఉంది.

మౌలాలి తలవంచుకుని ఆ పిల్ల ముందు బిందె దించాడు. "సగమే దొరికినాయమ్మా."

"సగం పట్టినావా!" అని ఆ పిల్ల నిజంగానే సంబరపడింది. "బాగానే పట్టినావన్నా. మొదటి రోజు నాకు అదీ దొరకలేదు."

వాళ్ళు నీళ్ళెత్తుకుని వెళ్ళిపోయాక వసారా ఖాళీ అయింది. హొన్నూర్ షా మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు పిసుక్కుంటున్నాడు. మౌలాలి కింద, దుమ్ములో కూర్చున్నాడు.

"పక్కూరోళ్ళకు మిషన్లు ఎప్పుడు పంపిస్తావు?" అని అడిగాడు గురువు.

"పంపను తాతా," అన్నాడు మౌలాలి. "బోరు కాడ చింతచెట్టుకు నీడ బాగుంది. మూడు మిషన్లూ ఆడ పడతాయి. కరెంటు వచ్చేదాకా కుడతారు. వచ్చినాక పట్టుకుంటారు. మొదటి బిందె మాత్రం మనకొద్దు. నేను గూడా వరసలో కూచుంటా."

"అవ్వ ఒప్పుకోవాల గదా."

"బతిమాలుకుంటా."

గుట్ట మీద వెలుగు పోయింది. మౌలాలి జరిగి గురువు మోకాళ్ళు తను పిసుకుతూ అడిగాడు.

"తాతా, ఈ సంగతి పొద్దున్నే నాకు నోటితో చెప్పుండొచ్చు గదా? దినమంతా ఎండలో కూచుంటివి, ఈ వయసులో."

"చెప్పుంటే, ఎంత బాగా చెప్పినావు తాతా అనేటోనివి," అన్నాడు హొన్నూర్ షా. "అని, కాళ్ళు కడుక్కోని పడుకునేటోనివి."