తుప్పునీళ్ల బొమ్మ

శ్రీకాళహస్తిలో హంసవేణి అనే చిత్రకారిణి ఉండేది. పనిమంతురాలే గానీ, వేసిన బొమ్మను మళ్లీ మళ్లీ కెలక్కుండా ఉండలేకపోయేది.

ఆమె ఇంట్లో తరతరాలుగా గుడ్డ మీద వెదురు కలంతో దేవుళ్లను గీసేవాళ్లు. ఆమె మాత్రం సృష్టికి ముందున్న గందరగోళాన్ని చూపించాలనుకునేది. కలం వదిలేసి అరిగిపోయిన చీపురు పట్టింది. బెల్లం నీళ్లలో మూడు వారాలు నానిన తుప్పు మేకుల రసాన్ని దానితో చిమ్మేది. తుప్పు అంటే మనం మొహం చిట్లిస్తాం గానీ, కరక్కాయ రసం, పాలు పట్టించిన గుడ్డ మీద పడితే అదే కాటుక నలుపు. కాకపోతే ఎండ తగిలితేగాని ఆ నలుపు తేలదు.

"దేవుడూ లేడు, ఏనుగూ లేదు. ఇదేం బొమ్మ మే?" అని వీధిలోవాళ్లు నవ్వేవాళ్లు.

ఎట్టకేలకు తిరుపతి ప్రదర్శనశాలవాళ్లు బొమ్మ తగిలించడానికి ఆమెకో గోడ ఇచ్చారు. చెప్పిన రోజు సాయంత్రం నాలుగింటికి బొమ్మ కోసం వ్యాను వస్తుంది. అప్పటికి బొమ్మ లేకపోతే ఆ గోడ ఇంకొకరిది.

ఆ రోజు పొద్దున మబ్బు పట్టింది. హంసవేణి మిద్దె మీద మందపాటి గుడ్డ పరిచింది. రంగు కారి మిద్దెకు అంటకుండా దాని కింద, పాలు సరిగా పట్టలేదని పక్కన పారేసిన గుడ్డ ఒకటి వేసింది. పాలు పట్టకపోతే రంగు గీత దాటి పాకుతుంది మరి. చీపురుతో చిమ్మింది. పడిన చుక్కలు టీ మరకల్లా వెలవెలబోయాయి.

"అమ్మా, రంగు తేల్లేదు!"

"ఎండ రానీవే. పొయ్యి మీది అన్నానికి మాటిమాటికీ మూత తీస్తామా?" అంది తల్లి మునెమ్మ.

హంసవేణి వినలేదు. మళ్లీ చిమ్మింది. మూడోసారీ చిమ్మింది. చివరికి రసం ఉన్న కుండే వంచేసింది.

ఒంటిగంటకు ఎండ కాసింది. చూస్తుండగానే గుడ్డంతా పెనం అడుగులా నల్లబడింది. ఒక్క గీత మిగల్లేదు.

హంసవేణి ఏడుస్తూ ఆ గుడ్డను లాగేసింది. కింది గుడ్డ మీద, పైనుంచి ఊరిన చుక్కలు లేత మరకలై మెల్లగా పాకుతున్నాయి. ఒక మూల మాత్రం ఖాళీగా ఉంది. ఆమె చెయ్యి చీపురు మీదికి పోయింది.

"ఇంక ఇదొక్కటే ఉంది, అమ్మణ్ణీ," అంది మునెమ్మ.

హంసవేణి చీపురును వీధిలోకి విసిరేసింది. రెండు చేతులూ చంకల్లో బిగించుకుని కూర్చుంది. రెండయింది. మరకలు ఇంకా లేతగానే ఉన్నాయి. మూడయింది. ఖాళీ మూల ఆమెను కొరికేస్తోంది. గోళ్లు గుచ్చుకున్నా చేతులు తీయలేదు.

మెల్లగా నలుపు తేలింది. వరద నీళ్లు చీలినట్టు, వేళ్లు మొలిచినట్టు, గందరగోళంలోంచి ఏదో లోకం పుడుతున్నట్టు గుడ్డంతా కదిలింది. కింద హారన్ మోగింది.

పైకొచ్చిన డ్రైవర్ బొమ్మ ముందు ఆగిపోయాడు. "ఆ తెల్లటి మూల భలే వదిలినావక్కా! అప్పుడే తెల్లారుతున్నట్టుంది."

"ఆ మూల వదలడానికి దీనికి ప్రాణం పోయినంత పనైంది నాయనా," అంది మునెమ్మ.

పనిలో చెయ్యి పెట్టడం ఒక విద్య. వేళకు చెయ్యి తీయడం అంతకంటే పెద్ద విద్య.