బీటలమ్మ చెంప మీది గీత

కుండలమిట్టకు వచ్చే భక్తులు ముందుగా కాళ్ళు కడుక్కుని, ముఖమంటపంలో చల్లని నేల మీద కూర్చోవలసినది. గర్భగుడి తలుపు మూసి ఉన్నదని కంగారు పడనక్కరలేదు. అది తెరిచే వేళ ఏ బోర్డు మీదా రాసి ఉండదు. ఒకనాడు మధ్యాహ్నానికి తెరుచుకుంటుంది, ఒకనాడు పొద్దు వాలినాక తెరుచుకుంటుంది. తెరిచినాక మీరు చూడబోయేది కాల్చిన మట్టితో అయిన అమ్మవారి ముఖం. ఎడమ చెంప మీద, కంటి కింది నుంచి గడ్డం దాకా, వెంట్రుక మందాన ఒక బీట ఉంటుంది. అందుకే ఈ తల్లి బీటలమ్మ.

పగిలిన విగ్రహానికి పూజ తగదని శాస్త్రం తెలిసినవారు చెబుతారు. మేము కాదనము. అయినా ఈ పగులుకే పసుపు రాస్తాము, ఈ పగులుకే హారతి ఇస్తాము. ఎందుకో వినండి. వినే తీరిక లేనివారు ఉంటే, ఈ కథ ముఖ్యంగా వారి కోసమే.

ఈ మధ్య చేనేత చూపిస్తాము, కంచుపని చూపిస్తాము, కుమ్మరిపని చూపిస్తాము అంటూ పట్నాల నుంచి పదిమందిని, పన్నెండుమందిని చిన్న బస్సుల్లో తీసుకువస్తున్నారు. రావడం మాకు సంతోషమే. మా చేతిపని చూడాలని అంత దూరం నుంచి రావడం ఎంత భాగ్యం! కానీ ఊరికి ఇంత సేపని గడియారం కట్టుకుని వచ్చి, మగ్గం మీది బట్టను మధ్యలో ఎత్తి చూపమంటే ఎట్లా? తలుపు ఒక్క నిమిషం తీయండి, ఫోటో తీసుకుని వెళ్తామంటే ఎట్లా? అమ్మవారి చెంప మీద గీత పెట్టింది అలాంటి ఒక తొందరే.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఈ మిట్ట మీద ఓబులమ్మ అనే కుమ్మరి ఇల్లాలి గుడిసె, దాని పక్కన కుండలు కాల్చే మట్టిగోడల ఆవం ఉండేవి. ఓబులమ్మ పెనిమిటి వానాకాలం జ్వరంలో పోయినాడు. నాలుగూళ్ళకూ ఏడాది పొడుగునా కుండలు ఇచ్చి, కోతల్లో ధాన్యం అందుకునే హక్కు ఆయనది. దాన్ని వర్తన అనేవారు. ఆడది కుండలు చేసే సారె ముట్టరాదన్నది ఆనాటి కట్టుబాటు గనుక, వర్తన తనదేనని మరిది గంగన్న ముందుకు వచ్చినాడు. ఓబులమ్మ మాత్రం దినాలు ముగియగానే సారె ముందు కూర్చున్నది.

"ఏం ఒదినా, సారె తిప్పేదంటే తిరగలి తిప్పేదనుకుంటివా?" అన్నాడు గంగన్న వాకిట్లో నిలబడి.

"రెండూ తిరిగేవే గదా గంగన్నా. తిప్పేదానికి చేతులు కావల్ల. మీసాలతో ఎవురూ తిప్పరు," అన్నది ఆమె మట్టి మీదనుంచి తల ఎత్తకుండా.

ఊరి పెద్దలు కూర్చుని ఒక తీర్పు చెప్పినారు. ఎండాకాలం నీళ్ళకుండలు ఓబులమ్మ ఒక్క ఆవం కాల్చి చూపించాలి. కుండలన్నీ గట్టిగా వస్తే వర్తన ఆమెది. ఒక్కటి బీటిచ్చినా గంగన్నది. ఒక్కటంటే ఒక్కటి. ఎన్నో ఏండ్లుగా ఆవం కాలుస్తున్న మగవాడికి పది పగిలినా అడిగేవాడు లేడు. ఆమెకు మాత్రం ఒక్కటి పగిలినా అన్నం పోతుంది. ఆ తీర్పు చెప్పినవారి పేర్లు ఈ స్థలపురాణం పుస్తకంలో రాయడం లేదు. రాయదగినవి కావు.

ఓబులమ్మ వంకలో మట్టి తవ్వుకుని, తొక్కి, కుండలు చేసి ఆరబెట్టింది. మంచిరోజు చూసి ఆవం పేర్చింది. పిడకలు, గడ్డి, వాటి మధ్య కుండలు, పైన పెంకులు కప్పి బంకమట్టితో మెత్తి నిప్పు పెట్టింది. నిప్పు ఆరినాక ఆవం దానంతట అది చల్లబడాలి. అంతవరకు ఒక్క పెంకు కదిలించినా చల్లగాలి దూరి, లోపల ఎర్రగా ఉన్న కుండలు పగిలిపోతాయి. ఆమె చేయగలిగిందంతా చేసింది. ఇంక మిగిలింది తాళడమే.

సరిగ్గా ఆనాడే ఈ సీమ పాలెగాడు మల్లప్పనాయుడు తన చుట్టాలను వెంటేసుకుని పల్లెల మీదికి బయలుదేరినాడు. ఏడెనిమిది మంది ఉంటారు. తన ఏలుబడిలో ఎంత గొప్ప పనివాళ్ళు ఉన్నారో వారికి చూపించాలని ఆయన ముచ్చట. ముచ్చట మంచిదే. ఆ ముచ్చట ఏ విధంగా తీరిందో వినండి.

ముందు సాలెపల్లెకు పోయినారు. అక్కడ నేతగాడు చీర ఒడలంతా నేసి, కొంగుకు జరీపోగు ఎక్కించబోతున్నాడు. "చేతిలో పట్టుకుని చూడాల," అన్నాడు చుట్టం ఒకడు. నాయుడు కోయమన్నాడు, కోసినారు. ఆ చుట్టం దాన్ని పట్టుకుని చూసి, "మెత్తగుంది," అని పక్కన పడేసినాడు. అందుకే నేటికీ అమ్మవారికి సాలెవారు సమర్పించే చీరకు కొంగు ఉండదు. మరచిపోయి కాదు, మరచిపోకూడదని.

తరువాత కంచరివాడి దగ్గరికి పోయినారు. కరిగిన కంచును అతడు అప్పుడే గంట మూసలో పోసినాడు. ఆరనీయమని అతడు కాళ్ళు పట్టుకున్నాడు. "మేం రేపటిదాకా నీ కొట్టంలో పండుకోవాల్నా?" అని నాయుడు నవ్వి, మూస పగలగొట్టించినాడు. ఆ గంట ఇప్పుడు మీ తల మీద వేలాడుతున్నది. పిల్లలెవరైనా లేచి ఒకసారి కొట్టండి. విన్నారు గదా. పోతపోసిన కంచు రేకుడబ్బాలా మోగుతున్నది. దానికి గొంతు లేకుండా చేసినది అగ్ని కాదు, లోహం కాదు. పెద్దమనిషి ముచ్చట.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి వారు ఈ మిట్ట ఎక్కినారు. గంగన్న ఎదురుపోయి దారి చూపించినాడు.

"ఇదేనా ఆవం? తీయండి, చూస్తాం," అన్నాడు నాయుడు.

"సామీ, ఇంకా ఆరలే," అన్నది ఓబులమ్మ. "ఎల్లుండికి తీస్తా. తీసినాక కోటకాడికి నేనే మోసుకొచ్చి చూపిస్తా."

"ఎల్లుండికి మా బావ వాళ్ళ ఊర్లో ఉంటాడు."

"దొర అడిగినాక కాదంటామా ఒదినా," అన్నాడు గంగన్న. "ఒక్క పెంకు తీస్తే కొంప మునుగుతుందా?"

కొంప ఎవరిదో అతనికి తెలుసు. ఓబులమ్మకూ తెలుసు. ఆమె నోరు తెరిచేలోగానే నాయుడు చేతికర్రతో ఆవం మీది మట్టిని గుచ్చి, ఒక పెంకును ఎగలేపినాడు. లోపలినుంచి సెగ ముఖాన కొట్టింది. ఆ వెంటనే అడుగున ఎక్కడో టప్పుమని ఒక చిన్న చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడు ఓబులమ్మకు తన ఎముకలోనే అయినట్లు తోచింది. పక్కనున్న తడిమట్టి రెండు చేతులా తీసుకుని ఆ కంతకు అదిమింది. అరచేతులు కాలినాయి. అయినా తీయలేదు. కంత మూసుకుపోయినాక తిరిగి, ఆవానికి వీపు ఆనించి కూర్చున్నది.

"దీన్ని ఈడ్చి పక్కన పెట్టండిరా," అన్నాడు నాయుడు.

అప్పుడు చుట్టాల గుంపులోనుంచి ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది. ఆమె నాయుడి మేనత్త, పేరు లక్కమ్మ. పొద్దుటినుంచి వారి వెంటే తిరిగింది. చీర కోసినప్పుడు చూసింది, మూస పగిలినప్పుడు చూసింది. ఇప్పుడు వచ్చి ఓబులమ్మ పక్కన, ఆ వేడి గోడకే వీపు ఆనించి చతికిలబడింది.

"నన్ను గూడా ఈడ్చమను మల్లా. ముందు నన్నే ఈడ్చమను," అన్నది.

"అత్తా, ఎండలో ఏంది ఈ పని? చూసేదానికి వస్తిమి గానీ..."

"చూస్తాండా గదా. పొద్దున్నుంచి చూస్తాండా. ఒక్కటన్నా పూర్తిగా అయింది చూపిస్తివా నాకు? ఇదన్నా అయ్యేదాకా చూస్తా. మీరు పోండి."

"తిండి?"

"ఈమె తినేదే తింటా. ఏమ్మా, ఇంత సంగటి పెట్టవా?"

"పెడతా అవ్వా. చేతులు కాలె, నువ్వే కెలకాల," అన్నది ఓబులమ్మ. కన్నీళ్ళ మధ్య ఆమెకు నవ్వు వచ్చింది.

మేనత్తను ఈడ్చే ధైర్యం భటులకు లేదు, చెప్పే ధైర్యం నాయుడికి లేదు. మిట్ట దిగి పోయినారు.

లక్కమ్మ ఆమె చేతులకు వెన్న రాసి గుడ్డ చుట్టింది. సంగటి కెలికింది, తినిపించింది. తిన్నాక ఓబులమ్మ ఆవానికి ఆనుకునే కునుకు తీసింది. ఆ పగటి నిద్రలో ఒక చిన్న ఆడపిల్ల చెంపకు చేయి అడ్డం పెట్టుకుని కనిపించింది. "అమ్మా, నువ్వు భయపడొద్దు," అన్నది ఆ బిడ్డ. "ఆ గాలికి నేనే అడ్డం నిలబడినా. గోడ మీద చెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉంటేనే నన్ను తియ్యి. తీసినాక ఈ గీత మాత్రం పూడ్చొద్దు. ఇది ఎట్లా వచ్చిందో వచ్చినోళ్ళందరికీ చెప్పు."

మూడోనాటి పొద్దున పెద్దల ఎదుట ఓబులమ్మ గోడ మీద చేయి వెనకవైపు పెట్టి చూసింది. చల్లగా ఉన్నది. పెంకులు ఒక్కొక్కటే తీసినారు. గంగన్న ప్రతి కుండనూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. ప్రతి కుండా ఖంగుమన్నది. అతని ముఖం కుండ కుండకూ నల్లబడింది. చివరికి నాయుడు పెంకు లేపిన చోట, సరిగ్గా దాని కింద, ఓబులమ్మ చేయనిది, పేర్చనిది, అమ్మవారి ముఖం ఒకటి కనిపించింది. గాలి మొత్తం తన చెంప మీద తీసుకుని, వెనక ఉన్న కుండలన్నిటినీ కాచిన తల్లి అది.

"ఇది బీటిచ్చింది," అన్నాడు గంగన్న. "ఒక్కటి బీటిచ్చినా అని మాట. వర్తన నాది."

చూడండి ఆ నోరు. ఎదురుగా దేవత వెలసి ఉంటే అతనికి బీట కనిపించింది.

"నాయనా," అన్నది లక్కమ్మ, "కుండ గురించి మాట్లాడుకున్నారు. ఇది కుండైతే నీళ్ళు పోసి చూపించు. కాకపోతే దండం పెట్టి పక్కకు జరుగు."

పెద్దలు తలలు వంచుకున్నారు. వర్తన ఓబులమ్మకు దక్కింది. ఆమె తరువాత ఆమె కూతుళ్ళకు, మనవరాళ్ళకు దక్కింది. మిట్ట మీద ఆడవారు సారె తిప్పడం ఆనాటినుంచి ఆగలేదు. మల్లప్పనాయుడు తరువాత సిగ్గుపడి, ఆ బీటను బంగారంతో పూడ్పిస్తానని వచ్చినాడు. వద్దన్నది ఓబులమ్మ. బంగారం పోస్తే గీత కనిపించదు, గీత కనిపించకపోతే చేసినవాడు మరచిపోతాడు. ఆయన చేత గర్భగుడి మాత్రం కట్టించింది. ఆవం ఉన్న చోటనే, ఆవం గోడలతోనే.

నేటికీ ప్రతి ఉదయం ఓబులమ్మ వంశపు ఆడవారే గర్భగుడి వెనక గోడకు ఆనుకుని ఉన్న చిన్న ఆవంలో ప్రమిదలు కాలుస్తారు. అవి చల్లబడినాకనే తలుపు తీస్తారు. భక్తులు ఒక్కొక్కరే వచ్చి గోడకు చేతి వెనకవైపు ఆనించి చూడాలి. వేడి తగిలితే వెనక్కు పోయి కూర్చోవాలి. ఎవరికైనా ఇదే పద్ధతి. అట్లా కూర్చున్నవారికి మధ్యలో ఆగిపోయిన పనులు, సగం కట్టిన ఇండ్లు, సగంలో విడిచిన చదువులు అమ్మవారి దయవల్ల పూర్తవుతాయని నమ్మకం. ఆనాటి ప్రమిద ఒకటి ప్రసాదంగా ఇస్తారు.

నిన్న కూడా ఒక చిన్న బస్సు వచ్చింది. అందులోనివారిని వెంట తెచ్చినాయన తలుపు దగ్గరికి వచ్చి, ఇంకా రెండు ఊర్లు చూపించాల్సి ఉందని, ఒక్కసారి తెరిస్తే చాలునని బతిమాలినాడు. పూజారిణి చేతులకు మట్టి. ఆమె ఆయన చేయి పట్టుకుని గోడకు ఆనించింది. చురుక్కుమనగానే ఆయన చేయి వెనక్కు తీసుకున్నాడు.

"ఇంకా ఆరలే నాయనా," అన్నదామె. "మీవాళ్ళను కూర్చోమను. సంగటి కుతకుతమంటా ఉంది. కెలికేదానికి ఒక మనిషి కావల్ల."