దొర రెండుసార్లన్న పుటాఫ్

నల్లమిట్ట సంస్థానంలో ఇంగ్లీషు వచ్చినవాడు దివాను శేషాచలం ఒక్కడే. సంస్థానం మీద అజమాయిషీ చేసే తెల్లదొర ఏమన్నా, దివాను చెప్పిందే దాని అర్థం. తన అల్లుడి లంచాల సంగతి నలుగురిలో అన్నాడని, మేదరి గవరయ్య మీద రాజద్రోహం మోపి ఉరిశిక్ష వేయించాడు.

ఉరి తీసే పొద్దున దొర గుర్రం మీద వచ్చాడు. ఉరికొయ్య వైపు చెయ్యి చూపించి "పుటాఫ్" అన్నాడు. తన విందు సిద్ధమవుతున్న వంటశాల వైపు చూపించి మళ్లీ "పుటాఫ్" అన్నాడు. గుర్రం దిగకుండానే వెళ్లిపోయాడు.

దివాను వంటశాలలోకి వెళ్లొచ్చి, "ఉరి వెంటనే కానిచ్చేయమన్నారు ప్రభూ," అని రాజావారికి చెప్పాడు.

తలారి తాడు తగిలించాడు. చివరి కోరికేమిటని రాజావారు అడిగారు. గవరయ్య వంటశాల కేసి చూశాడు. పొయ్యి పొగ ఆగిపోయింది.

"దొరగారి విందులో మేకకూర ఒక్క ముక్క పెట్టించండి బాబూ."

రాజావారు వంటవాణ్ణి పిలిపించారు.

"కూరెక్కడిది ప్రభూ? దొరగారు విందు వాయిదా వేయమన్నారని దివానుగారే వచ్చి మేకను కొయ్యకుండా ఆపారు," అన్నాడు వాడు.

జనమంతా ఆ రెండు పుటాఫ్‌లూ విన్నవాళ్లే. మాట ఒక్కటే. మేకకు వాయిదా, మనిషికి ఉరి. దివాను ముఖంలో నెత్తురుచుక్క లేదు. రాజావారు దివాను వైపు తిరిగారు. తలారే తాడు తీసేశాడు.

గవరయ్య మెడ తడుముకున్నాడు.

"దొరగారు తిరిగొచ్చేదాకా నన్ను ఆ మేక పక్కనే కట్టేయించండి బాబూ. దివానుగారు బతకనిచ్చింది దాన్నొక్కదాన్నే."