రెండు చేతుల నాంచారి

అనగా అనగా, ఏటికి వంతెన లేని కాలంలో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊరి చివర హిజ్రాల ఇల్లు. ఆ ఇంట్లో నాంచారి ఉండేది. మగపిల్లాడిగా పుట్టింది, ఆడదానిగా బతికింది. కన్నవాళ్లు గెంటేస్తే ఆ ఇంటి పెద్ద హిజ్రా, ముసలి రంగసాని చేరదీసింది. అందుకే రంగసానిని అమ్మా అని పిలిచేది.

ఒకనాడు రంగసానికి జ్వరం తగిలింది. నాంచారి ఆమెను వీపున మోసుకుని వైద్యుడు అవధాని గారి అరుగు దగ్గరికి వెళ్లింది. అవధాని చెడ్డవాడేం కాదు. హస్తవాసి మంచిదని పేరు. కానీ శాస్త్రం గీసిన గీత చచ్చినా దాటడు. ఆ రోజుల్లో మగవాళ్లకి కుడిచేతి నాడి, ఆడవాళ్లకి ఎడమచేతి నాడి చూసేవారు.

"మగైతే కుడి, ఆడైతే ఎడమ. ఏ చెయ్యి పట్టను?" అన్నాడు అవధాని.

రంగసాని ఎడమ చెయ్యి చాపింది.

"నువ్వు ఆడదానివి కావు."

కుడి చెయ్యి చాపింది.

"మగాడివీ కావు. తప్పు నాడి చూసి తప్పు మందిస్తే ఆ పాపం నాది," అని లోపలికి వెళ్లిపోయాడు.

రెండోనాడు నాంచారి ఒక్కతే వెళ్లింది. "నాడి చూడకపోతే మానె, కాస్త మందిప్పించండి బాబూ," అంది.

"మగైతే కుడి, ఆడైతే ఎడమ. ఏ చెయ్యి పట్టను?"

మూడోనాడు కాళ్లమీద పడింది. అదే ప్రశ్న. ఆ సాయంత్రమే రంగసాని పోయింది. నాంచారి ఆమె రెండు చేతులూ పట్టుకునే ఉంది. రెండింటిలోనూ నాడి ఒకేసారి ఆగింది.

నాంచారికి వైద్యం రాదు. గంజి కాయడం వచ్చు. పడవల రేవులో చాప పరిచింది. మశూచి వచ్చి ఇంటివాళ్లే బయట పెట్టినవాళ్లను ఆ చాప మీద పడుకోబెట్టి, గంజి పోసి, రెండు చేతులూ పట్టుకుని కూచునేది. అలాగే పడవ నడిపే ముత్యాలును పట్టింది. కుమ్మరి సుబ్బిని పట్టింది. గానుగ తాతను పట్టింది. నూకలున్నవాళ్లు బతికారు, చెల్లినవాళ్లు పోయారు. దిక్కులేకుండా మాత్రం ఎవరూ పోలేదు.

చివరికి ఆ రోగం నాంచారికే తగిలింది. మళ్లీ ఆ ప్రశ్న వినలేక, ఓపిక ఉన్నన్నాళ్లూ వైద్యుడి దగ్గరికి వెళ్లలేదు. ముత్యాలు, సుబ్బి, గానుగ తాత ఆమెను చాపతో సహా మోసుకొచ్చి అవధాని అరుగుమీద దించారు. అవధాని అప్పటికి ముసలివాడయ్యాడు.

"మగైతే కుడి..." అని మొదలుపెట్టాడు.

నాంచారికి చెయ్యెత్తే ఓపిక లేదు. ముత్యాలు కుడి చెయ్యి ఎత్తాడు. సుబ్బి ఎడమ చెయ్యి ఎత్తింది.

"రెండూ పట్టండి బాబూ. మమ్మల్ని అట్టాగే పట్టింది," అన్నాడు గానుగ తాత.

అవధాని చాప పక్కన కూచున్నాడు. తర్వాత రెండూ పట్టి కళ్లు మూసుకున్నాడు.

"రెండింట్లోనూ ఒకటే నాడి," అన్నాడు.

"మా అమ్మదీ ఇట్టాగే కొట్టుకునేది బాబూ," అంది నాంచారి.

అవధాని గబగబా లేచాడు. మందు నూరి తనే తాగించాడు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. మళ్లీ ఆ రెండు చేతులూ పట్టి, ఆమె పోయేదాకా వదల్లేదు.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడ్డా వైద్యుడి ముందు రెండు చేతులూ చాపుతారు. వైద్యుడు ఆడా మగా అని అడగడు, పేరడుగుతాడు. కొత్తగా వచ్చినవాడెవడైనా నోరుజారి అడిగితే, "ఆ ప్రశ్నకి ఇద్దరు పోయారు నాయనా, ఇక చాలు," అంటారు ముసలమ్మలు.

కథ కంచికి వెళ్లింది. చాప మాత్రం రేవులోనే ఉంది. పాతబడినప్పుడల్లా ఎవరో ఒకరు కొత్తది అల్లి పరుస్తారు.