ఏ పెద్దలు, ఏ ఊరు?

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ విని ఉండరు. మీరున్న చోట వీధిలో ఏనుగులు నడవవు, తాటాకుల మీద ఎవరూ రాయరు. అయినా కాస్త దగ్గరికి జరిగి వినండి.

అనగా అనగా, ఏనుగులకు కూడా వైద్యులుండే రోజుల్లో, ఒక రాజుగారికి భద్రం అనే ఏనుగు ఉండేది. ఆ నగరంలోనే శరభాచార్యులవారి గజవైద్య పాఠశాల ఉండేది. అక్కడ చదువు ముగించాలంటే ప్రతివారూ ఒక గ్రంథం రాసి, రాజుగారి సభలో ఒప్పించాలి.

ఆచార్యులవారి నియమాలు మూడు. తాటాకులన్నీ ఒకే కొలతలో ఉండాలి. రెండు పక్కలా రెండేసి వేళ్ళ అంచు వదలాలి. ప్రతి మందు కిందా అది ఎవరు చెప్పారో రాయాలి.

"ఎందుకండీ ఇవన్నీ?" అని అడిగితే, "అవసరమొచ్చిననాడు మీకే తెలుస్తుంది," అనేవారాయన.

ఆ ఏడు చదువు ముగించేవారు ముగ్గురు: బొల్లయ, కాచయ, మైలమ. మైలమది భయస్తురాలి మనసు. కొలిచిన ఆకునే మళ్ళీ కొలిచేది. తాడు దూర్చే రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆ ఆకు పక్కన పెట్టి కొత్తది తీసేది. మందుల కోసం మండుటెండల్లో ఊరూరా తిరిగింది. మావటివాళ్ళనూ, పశువుల కాపరులనూ అడిగింది. "అవ్వా, నీ పేరేమిటి? నీది ఏ ఊరు?" అని అడిగి మరీ రాసుకుంది.

మిగతా ఇద్దరూ పాఠశాల అరుగు దిగలేదు. మైలమ స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఆమె ఆకులు తీసి, మందులు చూసి రాసుకున్నారు. చెప్పినవాళ్ళ పేర్ల చోట మాత్రం తమకు తోచిందేదో రాశారు.

"రేగులపాడులో గేదెలు కాసే ఎల్లవ్వ చెప్పెను! ఇది గ్రంథమా, పెళ్ళి పిలుపుల చిట్టానా?" అని ఒకనాడు బొల్లయ నవ్వాడు.

"రాజుగారి ఏనుగుకు గేదెల అవ్వ మందా? సభలో నవ్విపోతారే మైలమా!" అన్నాడు కాచయ.

మైలమ ముఖం చిన్నబోయింది. ఆ పేరు కొట్టేద్దామని గంటం అక్కడిదాకా వెళ్ళింది. "చెప్పింది అవ్వే కదా, కాదని ఎలా అనను?" అనుకుని ఆగిపోయింది.

సభ రోజు రానే వచ్చింది. మూడు గ్రంథాలూ చూడముచ్చటగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మావటి పరుగెత్తుకొచ్చాడు.

"ప్రభూ! భద్రం కడుపుబ్బి కూలబడింది!"

గబగబా మూడు గ్రంథాలూ విప్పారు. మూడింటిలోనూ ఒకటే మందు. నల్లకాడ ఆకు పది పిడికెళ్ళు, బెల్లంతో ముద్ద చేసి పెట్టాలి.

"ముగ్గురిదీ ఒకే మాట! ఇంకా ఆలోచన ఎందుకు?" అన్నారు రాజుగారు.

తోటలోంచి ఆకు కోయించి పెట్టారు. జాము గడిచేసరికి భద్రం మరీ నీరసించింది. తొండం కూడా ఎత్తలేకపోయింది.

రాజుగారి కళ్ళు ఎర్రబడ్డాయి. "బొల్లయా, ఈ మందు ఎక్కడిది?"

"నా... నా బుద్ధికి తోచింది ప్రభూ."

"అయితే ఇప్పుడేం చెయ్యాలో కూడా తోచాలి కదా?"

బొల్లయ మెల్లగా కాచయ వెనక్కి జరిగాడు.

"కాచయా, నీకెవరు చెప్పారు?"

"పెద్దలన్నారు ప్రభూ."

"ఏ పెద్దలు? ఏ ఊరు?"

"పెద్దలంటే... పెద్దలే ప్రభూ."

ఇక మైలమ వంతు. పేరు చెబితే అవ్వ మెడకు చుట్టుకుంటుందేమో. చెప్పకపోతే భద్రం దక్కదు.

"రేగులపాడు ఎల్లవ్వ, ప్రభూ. చెప్పింది ఆమె, రాసింది నేను. తప్పు నాదే కావచ్చు. అడగడానికి పిలిపించండి, దండించడానికి కాదు."

రాజుగారు తలూపారు. బండి వెళ్ళింది. పొద్దు వాలకముందే ఎల్లవ్వ దిగింది. భద్రం నోటి దగ్గరున్న ముద్ద వాసన చూసి తల బాదుకుంది.

"ఓసి పిచ్చితల్లీ, పచ్చాకు పెట్టారా? నువ్వు నన్నడిగింది నడివేసవిలో. అప్పుడు పచ్చాకు ఎక్కడుందే? నేను చెప్పింది ఎండాకు సంగతి. ఎండితే ఘాటు తగ్గుతుంది. పచ్చిదైతే రెండు పిడికెళ్ళు చాలు!"

"అయ్యో, అది అడగనే లేదవ్వా! ఇప్పుడెలా?"

"ఏడవకు. కడవలతో పల్చటి మజ్జిగ తెప్పించు."

పది కడవల మజ్జిగ తాగించారు. దీపాలు పెట్టే వేళకు భద్రం మెల్లగా లేచి నిలబడి, తొండంతో అవ్వ కొంగు లాగింది.

"పోవే, పో! నా కొంగున బెల్లం లేదు," అంది ఎల్లవ్వ. సభంతా నవ్వింది, రాజుగారితో సహా.

"తప్పు మూడు గ్రంథాల్లోనూ ఉంది," అన్నారాయన. "వెనక్కి వెళ్ళి అడిగే దారి మాత్రం ఒక్కదానిలోనే ఉంది." గజశాల వైద్యం మైలమకు అప్పగించారు.

బొల్లయ, కాచయలను ఆచార్యులు తిట్టలేదు. చెరొక జత చెప్పులూ, చెరొక కట్ట తాటాకులూ చేతికిచ్చారు. "వెళ్ళి అడిగి రండి నాయనా. అడగడం నామోషీ కాదు."

మైలమ ఆ రోజే తన ఆకు తీసి, ఖాళీగా వదిలిన అంచులో రాసింది: "పచ్చాకైతే రెండు పిడికెళ్ళే. ఎల్లవ్వ సరిదిద్దెను." ఆ రెండు వేళ్ళ చోటు ఎందుకు వదలమన్నారో ఆమెకు అప్పుడు తెలిసింది.

విన్న మాటకు ఊరూ పేరూ రాసి ఉంచినవారికి, పొరపాటు జరిగినా దిద్దుకునే దారి దొరుకుతుంది.

పిల్లలూ, ఈ కథ మీ స్నేహితులకూ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం, మీకెవరు చెప్పారో వాళ్ళ పేరు కూడా చెప్పండి.