పొదుగు గంప వెనక తడి

ఆ ఏడు ఎండలకి పేరంటాలమ్మ పెరట్లో ఎద్దు సైతం రొప్పుతోంది. చుక్కల పెట్ట పొదుగుకి వచ్చి, చోటు కోసం తిరుగుతోంది. పెట్ట ఎక్కడ మొండిగా కూర్చుంటే అక్కడే గంప పెట్టడం పేరంటాలమ్మ అలవాటు.

"వదినా, ఇటు రా!" అని పిలిచింది వంటింటి గోడ మూల కాపురముండే కప్ప. "ఈ గోడ ఎంత చల్లగా ఉందో చూడు. ఇంతకన్నా మంచి చోటు నీకెక్కడ దొరుకుతుంది?"

అది పెట్ట మీద ప్రేమ కాదు. ఆ మట్టి గోడలోంచి పోయే నీళ్ల గొట్టం లోపలెక్కడో చిట్లి, సున్నం మీద చేటంత తడి మచ్చ పడింది. ఇంటావిడ చూస్తే గొట్టం బాగు చేయిస్తుంది, కప్ప ఎండన పడుతుంది. గంప అడ్డముంటే మచ్చ కనబడదు. పాపం, పెట్ట నమ్మి అక్కడే కూర్చుంది. పేరంటాలమ్మ దాని వెనక గోడ చూడకుండానే గుడ్లు పేర్చిన గంప తెచ్చి అక్కడ పెట్టింది.

కొన్నాళ్లకి ఎద్దు అడిగింది. "అమ్మాయ్, వాన చినుకన్నా లేదే, నీ వెనక సున్నం ఎందుకు ఉబ్బింది?"

"చల్లటి గోడకి ఆ మాత్రం చెమ్మ ఉండదా మామా?" అంది కప్ప.

"నిన్నడగలేదురా! చీమలు గుడ్లు కరుచుకుని ఆ గోడ వదిలిపోతున్నాయి. పొద్దున నింపిన ట్యాంకు ఎవరూ వాడకుండానే తరిగిపోతోందని ఉడత చెప్పింది. ఇప్పుడు కుళాయిలన్నీ కట్టేసే ఉన్నాయి. గోడకి చెవి ఆనించి విను తల్లీ."

పెట్ట విన్నది. లోపల సన్నగా సుర్రుమంటోంది. "నీళ్లు పారుతున్నాయి మామా! ఏం చెయ్యను?"

"లేచి గట్టిగా కేకలు పెట్టు. ఆవిడ వచ్చి గంప తీస్తుంది, గోడ చూస్తుంది."

"బాగుంది సలహా!" అంది కప్ప. "పొదుగులో గంప కదిపితే గుడ్లు మురిగిపోతాయని మీ అమ్మ చెప్పలేదా వదినా? ఈయన జన్మలో ఒక్క గుడ్డయినా పెట్టాడా?"

అమ్మ చెప్పిన మాటే. లేవబోయిన పెట్ట మళ్లీ కూర్చుంది. "లోపల పిల్లలు కదులుతున్నాయి మామా, నా పొట్టకి తెలుస్తోంది. అవి బయటికి రాగానే వెళ్లిపోతాను."

ఎద్దు తనే రంకె వేసింది. పేరంటాలమ్మ వచ్చి, ఆకలనుకుని గడ్డి వేసి వెళ్లింది.

మర్నాడు పెట్ట నాలుగు గింజలు తినడానికి అలా వెళ్లిందో లేదో, నానిన గోడ కూలి గంప మీద పడింది. పేరంటాలమ్మ పరిగెత్తుకొచ్చి మట్టి తీసింది. గంప నలిగిపోయింది. గుడ్లలో ఒక్కటీ మిగల్లేదు. "ఈ గొట్టం ఎప్పుడు చిట్లిందో, నా కంటపడలేదే!" అని తల బాదుకుంది.

మేస్త్రీ గొట్టం మార్చాడు. మూల ఎండిపోయింది. కప్ప ఎండలో కాళ్లీడ్చుకుంటూ ఎద్దు దగ్గరికొచ్చింది. "మామా, నీ తొట్టి కింద కాస్త చోటివ్వవూ?"

"ఆ పెట్టనడిగి రారా," అంది ఎద్దు.

కప్ప అటు చూసింది. అడగలేకపోయింది. పెరడు దాటి ఎటో పోయింది.

పెట్ట ఆ మట్టికుప్ప మీద రెక్కలు పరుచుకుని కూర్చుని ఉంది.

"ఇక లేవమ్మా," అంది ఎద్దు.

"ఉండు మామా, ఇంకా వెచ్చగానే ఉన్నాయి."

వెచ్చగా ఉన్నది ఎండకి కాగిన మట్టి.

గోడ ఎందుకు తడిసిందో ఆ తడిలో సుఖపడేవాణ్ణి అడగకూడదు.