కొమురవ్వ నాటిన ముందు సాలు

అనగనగా ఒక ఊరు. ఊఁ కొట్టండి మరి, కొట్టకపోతే నా కథ కదలదు. ఆ ఊళ్లో చెరువు కింద మళ్లన్నీ దొరవే. ఆ మళ్లలో నాట్లేసే ఆడవాళ్లలో కొమురవ్వ ఒకతి. గుంట భూమి లేదు, మొగుడు లేడు, అక్షరం రాదు. ఉన్నదల్లా గొంతు.

ఆమె పాట ఎత్తుకుంటే నలభై నడుములు ఒక్కసారి వంగేవి, నలభై చేతులు ఒక్కసారి మునిగేవి. ఆ పాటలు ఒకరు నేర్పినవి కావు. మడిలో నిలబడి అప్పటికప్పుడు కట్టేది. నాటేవాళ్ల పేర్లే అందులో పెట్టేది.

"ముందు సాలు నాటిందెవ్వరే?" అని, మొదటి వరుస ఎవరిదో ఆమె అడిగితే, "మా రాజవ్వ నాటెనే!" అని అందరూ అందుకునేవారు. రోజుకొకరి పేరు. పేరొచ్చిన రోజు ఆ మనిషికి నడుంనొప్పే తెలిసేది కాదట. తన పేరు మాత్రం కొమురవ్వ ఎన్నడూ పెట్టుకోలేదు.

ఒకనాడు దొర గొడుగు పట్టించుకుని గట్టు మీదికొచ్చాడు.

"ఏమే కొమురవ్వా, మడి నాది. పాటల నా పేరేదే?"

ఊరంతా "నీ బాంచెన్" అనే మనిషి ముందు కొమురవ్వ నడుమెత్తి నిలబడింది.

"మడి నీదే దొరా. నీళ్లు నీయే. గొంతు నాది. పేరు కావాల్నంటే మడిల దిగు. ఒక్క సాలు నాటు, పెడత."

దొర దిగుతాడా? కిర్రుచెప్పులకు బురద అంటదూ!

మొదట ఆశ పెట్టాడు. పట్టుచీర పంపాడు. కొమురవ్వ దాన్ని రాజవ్వ జొన్నచేలో దిష్టిబొమ్మకు కట్టింది. పిట్టలు బెదిరాయి గానీ ఆమె బెదరలేదు.

తర్వాత నోళ్లు కట్టేశాడు. "నా మళ్లల్ల పాట వినబడొద్దు" అన్నాడు. ఆడవాళ్లు మూగగా నాటారు. పాట లేక చేతులు కలవలేదు. ఒకతి ముందు, ఒకతి వెనక. పొద్దు గూకేసరికి సగం మడి కూడా కాలేదు, నారు కట్టలు వాడిపోయాయి. దొర పళ్లు నూరుకుని, "సరే, పాడుండ్రి. నా పేరు పెడతవా?" అన్నాడు.

"దిగుతవా?" అంది కొమురవ్వ.

మూడోసారి పనే మాన్పించాడు. "నా మళ్లల్ల కాలు పెట్టొద్దు" అన్నాడు. ఆమె పెట్టలేదు. చెరువు కట్టెక్కి పాడింది. కట్ట ఊరందరిదీ కదా! కట్ట మీద పాట, కింద నాట్లు. తోటివాళ్లు పెట్టిన సద్ది తింటూ పదేళ్లు పాడింది. గొంతు బొంగురుపోయినా మానలేదు. ఏం మొండితనమో, తలచుకుంటే నాకే గర్వం.

ఒక నాట్ల కాలంలో ఆమె పోయింది. "డప్పు కొట్టినోడు ఊళ్లె ఉండడు" అని దొర చాటింపు వేయించాడు. డప్పు మోగలేదు. ఆడవాళ్లు పాడె మోయరాదంటారు. నారు ఎక్కడిదక్కడ వదిలి, మోకాళ్ల దాకా బురదతో నలభై మందీ వచ్చి మోశారు. దొర వాకిలి ముందు నుంచే మోశారు. అక్కడ రాజవ్వ గొంతెత్తింది.

"ముందు సాలు నాటిందెవ్వరే?"

"మా కొమురవ్వ నాటెనే!"

ఇప్పటికీ ఆ వైపు నాట్లలో ముందు సాలు ఆమెదే. ఆ పేరు ఎత్తాకే మిగతా పేర్లు. దొర పేరు మాత్రం నన్నడక్కండి. ఏ పాటలోనూ లేదు, నాకెలా తెలుస్తుంది? గట్టు మీద నిలబడి ఎవరైనా పెత్తనం చేయబోతే, అక్కడి ఆడవాళ్లు తల కూడా ఎత్తకుండా అంటారు:

"పేరు కావాల్నా? మడిల దిగు."